ఖాళీ పళ్లెం వ్యూహం

'నేలమాళిగ దొర' అనే కంప్యూటర్ ఆటకు మూడవ సవరణ తెచ్చే ముందు ఆటగాళ్ల అమూల్యమైన అభిప్రాయాలు స్వీకరించాలని ఆ ఆట తయారుచేసిన సంస్థవారు నిర్ణయించారు. ప్రజాభిప్రాయమంటే ప్రాణమిచ్చే సంస్థ కనుక, వచ్చినవి వచ్చినట్టే ప్రకటించారు. "ఆరువందల గంటలు ఆడాను. పస లేదు" అని ఒకరు రాశారు. "మరీ చీకటిగా ఉంది, నేలమాళిగకు కిటికీలు పెట్టించాలి" అని మరొకరు కోరారు. "నేనింకా ఆడలేదు కానీ, మునుపటంత బాగాలేదు" అని ఇంకొకరు బాధపడ్డారు. "నిజజీవితంలో భూతాలు ఇలా ప్రవర్తించవు" అని ఒక అనుభవజ్ఞుడు తేల్చిచెప్పాడు. అందరికీ సంస్థ పేరుపేరునా కృతజ్ఞతలు తెలిపింది.

ఆట సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. మామూలు ఆటల్లో మనం వీరుడిగా గుహలోకి దూరి, భూతాలను చంపి, నిధి ఎత్తుకుపోతాం. ఇందులో గుహే మనది. భూతాలూ మనవే. పైనుంచి ఊడిపడే వీరుల బారినుంచి నిధిని కాపాడుకోవాలి. తవ్వడానికి మరుగుజ్జులు, కొట్లాటకు ఒంటికన్ను భూతాలు, కాపలాకు ఎముకల సిపాయిలు, మంత్రాలకు గబ్బిలాల ముసలమ్మ ఉంటారు. ఇంతవరకూ ఏ మగవాడికైనా తేలికే. చిక్కల్లా ఏమిటంటే, వేళకు తిండి పడకపోతే ఈ భూతాలు అలుగుతాయి. పడక కుదరకపోతే మర్నాడు గద ఎత్తవు. ముసలమ్మ పక్కన ఎవరిని కూర్చోబెడుతున్నామో చూసుకోకపోతే వీరులు వచ్చే పని లేకుండానే గుహ కూలుతుంది. చాలామంది దొరలు ఆటలో పన్నెండో రోజు దాటలేదు.

దాటినవారి జాబితాలో మూడేళ్లుగా మొదటి పేరు ఒక్కటే: 'మసిగుడ్డ'. నలభై ఒక్క భూతాలు, పదకొండువందల రోజులు, ఒక్క అలక లేదు. ఈ మసిగుడ్డ దొర ఎవరన్న విషయంలో ఆటగాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. పదవీవిరమణ చేసిన సేనాధిపతి అని ఒక వర్గం, జైలు సూపరింటెండెంటు అని రెండో వర్గం. మసిగుడ్డ అన్న పేరు యుద్ధభూమిలో ఎగిరే నల్లజెండాకు సంకేతమని ఒకరు నాలుగు పేజీలు రాశారు.

నిజానికి ఆట పేరు అడిగిన క్షణంలో ఒక ఇల్లాలి చేతిలో ఉన్నది మసిగుడ్డే. పొయ్యిమీంచి గిన్నె దించి, గుడ్డ గట్టుమీద పడేసి, పేరు కొట్టి, మళ్లీ గిన్నె మూత పెట్టుకుంది.

పొద్దున పదకొండుకు బట్టల మిషను తిరగడం మొదలవుతుంది. పన్నెండుకు ఆగుతుంది. ఆ గంటసేపు ఇల్లాలు పాత లాప్‌టాప్ వంటగట్టు మీద, బియ్యం డబ్బాకు ఆనించి, నేలమాళిగను పాలించేది. ఆ సంగతి ఇంట్లో తెలిసినది అత్తగారొక్కరికే.

"నీ ఒంటికన్నువాడు నిద్రపోయాడటే అమ్మాయ్?" అని అడిగేది ఆవిడ, చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ.

"ఇప్పుడే పడుకున్నాడత్తయ్యా. మంచం గోడవైపు తిప్పేశాను. వెలుతురు మొహాన పడితే చాలు, మర్నాడంతా రుసరుసలే."

"మా వాడి పోలికే," అనేది అత్తగారు, ఎటువంటి పక్షపాతమూ లేకుండా.

మసిగుడ్డ దొర ప్రపంచానికి ఇచ్చిన కానుకల్లో పెద్దది 'ఖాళీ పళ్లెం వ్యూహం'. ఎముకల సిపాయిలకు కడుపు ఉండదు కాబట్టి తిండి అక్కర్లేదు. అందుచేత దొరలందరూ వాళ్లను భోజనానికి పిలవడం మానేశారు. ఎందుకో తెలియకుండా ఆ సిపాయిలు పదో రోజున కాపలా వదిలి వెళ్లిపోయేవారు. ఇల్లాలు మాత్రం మొదటిరోజు నుంచే అందరి వరసలోనే వాళ్లకూ ఖాళీ పళ్లాలు పెట్టింది. సిపాయిలు వచ్చి, కూర్చుని, ఏమీ తినకుండా, తృప్తిగా లేచి వెళ్లేవారు. ఆమె పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో ఒక పెద్దత్తగారు ఉండేది. ఆవిడకు పూటకొక పథ్యం. ఏదీ తినదు, కానీ పిలవకపోతే మూడు నెలలు మాట్లాడదు. వ్యూహం పుట్టుక అంతే. దీనిమీద ఆటగాళ్లు పదిహేడు వ్యాసాలు రాశారు. శత్రువు మనోబలాన్ని దెబ్బతీసే రహస్యం అందులో దాగి ఉందని అన్నిటిలోనూ తేలింది.

ఆ వ్యాసాలలో రెండు ఆమె భర్తవి.

ఆయన సామాన్ల గోదాములో సూపర్‌వైజరు. ఆటలో ఆయన పేరు 'ఉక్కుపిడికిలి'. ఆఫీసు నుంచి వచ్చి, ముందుగదిలో పెద్ద కంప్యూటరు ముందు కూర్చుని, పక్కనున్న టీ చూడకుండానే అందుకుని తాగుతూ, రోజూ ఒక గుహ కూల్చేవారు. ఆయన భూతాలు తొమ్మిదో రోజున మూకుమ్మడిగా వెళ్లిపోయేవి. తప్పు భూతాలదని, వాటిని తయారుచేసినవారిదని ఆయన నూటపన్నెండు అభిప్రాయాలు రాశారు. అంత శ్రమకు గుర్తింపుగా సంస్థ ఆయనను తొమ్మిదిమంది ఉన్న ఆటగాళ్ల సలహా మండలిలో సభ్యుణ్ని చేసింది. అగ్రస్థానం కారణంగా మసిగుడ్డ దొర అంతకుముందే సభ్యులు. మండలి ఉత్తరాల మీదే నడుస్తుంది కనుక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

మసిగుడ్డ దొరంటే ఆయనకు ఎనలేని గురి. "పూజ్యులైన దొరగారి పాదపద్మములకు" అని ఉత్తరం మొదలుపెట్టేవారు. ముందుగదిలో నుంచి వెళ్లిన ఆ ఉత్తరం ప్రపంచమంతా తిరిగి వంటింట్లోకి వచ్చేది. ఖాళీ పళ్లెం బొమ్మను అచ్చువేయించి గోదాములో గోడకు అంటించారు. దానికింద కూలీలు ఉదయం నుంచి టీ కోసం ఎదురుచూస్తూ నిలబడేవారు.

"ఆయన బుర్రే బుర్రోయ్," అనేవారు భోజనం దగ్గర. "భూతాల మనస్తత్వం కాచి వడబోశాడు. అలాంటి మనిషి దగ్గర పదిరోజులు పనిచేసినా చాలు, జన్మ ధన్యం."

"పదిరోజులేం ఖర్మ," అనేది అత్తగారు.

"నీకు తెలియదులే అమ్మా."

"కూర వేసుకోండి," అనేది ఇల్లాలు.

మూడవ సవరణకు ఆయనే ఒక ప్రతిపాదన తయారుచేశారు. వంటశాల, పడకశాల, కడగడం, ఊడవడం, అలకలు తీర్చడం మొదలైన చిల్లర పనులు వ్యూహప్రతిభకు ఆటంకంగా ఉన్నందున, వాటిని ఆటలోంచి తొలగించవలెనని, ఇకపై అవి వాటంతట అవే జరిగిపోయేట్టు చేయవలెనని. ముసాయిదా చూసి సంస్థ ఎంతో ముచ్చటపడింది. మిగిలిన సభ్యులు మాత్రం మసిగుడ్డ దొర ఎటు అంటే అటే అన్నారు. మసిగుడ్డ మాట కాదన్న దొర ఇంతవరకూ లేడు.

ఉత్తరం వంటింట్లోకి వచ్చింది. "తమరి మద్దతు లభిస్తే నా జన్మకు అంతకంటే కావలసినది లేదు." ఇల్లాలు రెండుసార్లు చదివింది. పదకొండువందల రోజులు పెట్టిన పళ్లాలు, గోడవైపు తిప్పిన మంచాలు, ముసలమ్మకూ మరుగుజ్జులకూ మధ్య వదిలిన ఒక కుర్చీ ఖాళీ. సవరణ వస్తే ఇవేవీ చేయడానికి ఉండవు. బట్టల మిషను తిరిగే ఆ గంటలో ఆమెకు మిగిలేది బట్టల మిషనే. "ఆలోచిస్తాను. ముందు మీ ఒంటికన్నువాడి మంచం గోడవైపు తిప్పండి," అని జవాబు రాసింది. ఆయన తిప్పారు. ఆ గుహ పదమూడో రోజు దాకా నిలిచింది. పక్కవాళ్లను పిలిచి మరీ చూపించారు.

నిర్ణయం ఉత్తరాలతో తేలే వ్యవహారం కాదని, సభ్యులందరూ మొదటిసారిగా నోటితో మాట్లాడుకోవాలని సంస్థ కార్యదర్శి ప్రకటించాడు. సమయం ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలు. అది అందరికీ తీరికగా ఉండే వేళ అని సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.

"మాట్లాడతావటే?" అంది అత్తగారు.

"గొంతు వింటే తెలిసిపోతుంది కదత్తయ్యా."

"తెలియనీ. మూడేళ్లుగా నీ కాళ్లమీద పడుతున్నాడు. ఇప్పుడు పడొద్దంటే మాత్రం మానేస్తాడా?"

అత్తగారికి లోకజ్ఞానం ఎక్కువని ఆ ఇంట్లో ప్రతీతి. ఈ ఒక్కసారి మాత్రం అది తప్పింది.

ఆదివారం పన్నెండయింది. ముందుగదిలో భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. వంటింట్లో ఇల్లాలు బియ్యం డబ్బాకు లాప్‌టాప్ ఆనించి, పొయ్యిమీద కుక్కరు పెట్టి కూర్చుంది. భర్త పావుగంటసేపు ఉపన్యసించారు. మహత్తర లక్ష్యాల వైపు సాగే నాయకుణ్ని గిన్నెల దగ్గరా, దుప్పట్ల దగ్గరా నిలబెట్టడం మేధకే అవమానమన్నారు. తాను ఇరవై ఏళ్లుగా అరవైమంది చేత పనిచేయిస్తున్నానని, వాళ్లేం తింటారో ఏనాడూ అడగలేదని, అయినా గోదాము నడుస్తోందని సోదాహరణంగా వివరించారు. చప్పట్లు మోగాయి.

"ఇప్పుడు పూజ్యులు మసిగుడ్డ దొరగారు మాట్లాడతారు," అన్నాడు కార్యదర్శి.

ఇల్లాలు మైకు తెరిచింది. అదే క్షణంలో కుక్కరు కూత పెట్టింది.

కూత భర్తకు హెడ్‌ఫోన్లలోనూ వినిపించింది, వెనకనుంచీ వినిపించింది. దొరగారింట్లో కూడా ఆదివారం ఇదే వేళకు వంటవుతోందని ఆయన మనసులో మురిసిపోయారు. అంతలో రెండో కూత వచ్చింది. ఆయన హెడ్‌ఫోను ఒక పక్కకు తప్పించి, వంటింటి వైపు తిరిగి కేకేశారు: "ఏమోయ్, ఆ కుక్కరు కట్టెయ్. ఇక్కడ మసిగుడ్డ దొరగారు మాట్లాడబోతున్నారు."

ఆ కేక ఆయన మైకులోంచి ఒకసారి, వంటింటి మైకులోంచి ఒకసారి సభ్యులందరికీ రెండుసార్లు వినిపించింది.

"ఇంకొక్క కూత రావాలండీ," అంది మసిగుడ్డ దొర. "లేకపోతే అన్నం పలుకవుతుంది."

సమావేశపు మినిట్స్‌లో ఈ చోట 'కుక్కరు: మూడో కూత' అని నమోదైంది.

మూడో కూత తరువాత పొయ్యి కట్టేసి ఆమె తను చెప్పదలచుకున్నది చెప్పింది. పెద్దగా ఏం లేదు. గుహ నిలబడేది గదలతో కాదని, ఎవరు ఏ వేళకు ఏం తింటారో తెలియడంతోనని చెప్పింది. ఆ పనులు తీసేస్తే ఆటలో దొర చేయవలసిన పని ఏమీ మిగలదని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ సభ్యులు శ్రద్ధగా వింటున్నట్టే ఉన్నారు. నిజానికి వారు తమ అభిప్రాయాలు మార్చుకుంటున్నారు.

"మహిళలు కూడా మన ఆటను ఆదరించడం మాకెంతో గర్వకారణం," అన్నాడు కార్యదర్శి.

"అంటే ఆట మరీ తేలికన్నమాట," అన్నాడు నల్లజెండా గురించి నాలుగు పేజీలు రాసిన సభ్యుడు.

"ఆడవాళ్లకు ఇవి అలవాటేగా," అన్నాడు జైలు సూపరింటెండెంటు వర్గం నాయకుడు. "రోజూ చేసేదే ఇక్కడా చేశారు. అందులో వ్యూహమేముంది?"

భర్త అప్పటికి తన ఉత్తరాల్లో పాదపద్మములు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టుకుంటున్నట్టున్నారు. చివరకు గొంతు సవరించుకుని, "నేను ముందునుంచీ అంటున్నది అదే. ఇవి ప్రతిభతో పనిలేని పనులని ఇప్పుడు రుజువైంది," అన్నారు. ప్రతిపాదన ఎనిమిది ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించినది ఒక్క ఓటు. ఆ ఓటు వేసి ఆమె అన్నం వడ్డించింది. ఆయన తిన్నారు. అన్నం పలుకు కాలేదు.

సాయంత్రానికల్లా పాత అభిప్రాయాలన్నీ సవరింపబడ్డాయి. 'మానవ మేధకు అంతిమ పరీక్ష' అన్నవారు 'కాలక్షేపానికి ఫరవాలేదు' అని దిద్దుకున్నారు. పదిహేడు వ్యాసాల్లోనూ 'ఖాళీ పళ్లెం వ్యూహం' తీసేసి 'ఖాళీ పళ్లాల అలవాటు' అని మార్చారు. గోదాము గోడమీద బొమ్మ ఉన్నచోట ఇప్పుడు క్యాలెండరు ఉంది.

బుధవారం సవరణ వచ్చింది. పదకొండు గంటలకు బట్టల మిషను తిరగడం మొదలైంది. ఇల్లాలు నేలమాళిగ తెరిచింది. భూతాల ముందు అన్నం ఎక్కడినుంచో వచ్చి పడుతోంది. పక్కలు వాటంతట అవే పరుచుకుంటున్నాయి. అలక అన్న మాటే లేదు. ఎముకల సిపాయిలు మామూలు వేళకు వరసగా వచ్చి, పళ్లాలు ఉండే చోట కాసేపు నిలబడి, కాపలాకు తిరిగి వెళ్లారు. ఆమె పన్నెండు దాకా అలా చూస్తూ కూర్చుంది. చేయడానికి ఏమీ లేదు. మిషను ఆగాక లాప్‌టాప్ మూసేసింది.

ఆటకు మాత్రం ఐదు నక్షత్రాల వర్షం కురిసింది. "ఎట్టకేలకు వాస్తవికంగా ఉంది." "అచ్చం మా ఇల్లు చూసినట్టే ఉంది." ఇవి వందల్లో వచ్చాయి. ఉక్కుపిడికిలి గుహ ఆ ఒక్క రాత్రిలోనే ఆట లెక్కలో వందరోజులు దాటింది.

గురువారం పొద్దున ఏడున్నరకు ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఫోను చూస్తూ, కుడిచెయ్యి చాపారు. చెయ్యి గాలిని పట్టుకుంది. కాసేపు అటూ ఇటూ వెతికింది.

"ఏమోయ్, టీ?"

"వస్తుందండీ," అంది ఇల్లాలు ముందుగదిలోంచి. అత్తాకోడళ్లిద్దరూ పెద్ద కంప్యూటరు ముందు చదరంగం ఆట తెరిచి కూర్చున్నారు. ఆ కంప్యూటరు ఆ వేళకు ఖాళీగా ఉంటుందని వాళ్లకు అప్పుడే తట్టింది.

"ఎప్పుడొస్తుంది?"

"సవరణ అమల్లోకి వచ్చిందిగా. దానంతట అదే వస్తుంది."

"ఈ గుర్రం అడ్డదిడ్డంగా దూకుతుందేమిటే అమ్మాయ్?" అంది అత్తగారు.

ఆయన ఎదురుచూశారు. దీన్ని కల్పన అనుకోవద్దు. చదువుకున్న మనిషి, సలహా మండలి సభ్యుడు, బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఎనిమిదీ పది దాకా నిజంగానే ఎదురుచూశారు. ఆ తరువాత ఫోనులో లోపాల నివేదిక తెరిచి, మొట్టమొదటిసారిగా ఒక్క నక్షత్రం ఇచ్చి, ఇలా రాశారు: "సవరణ మా ప్రాంతంలో సరిగా పనిచేయడం లేదు. వెంటనే పరిశీలించగలరు."

సంస్థ ఆయనకు కృతజ్ఞతలు తెలిపింది.

ఈ కథమీద కూడా పాఠకుల అమూల్యమైన అభిప్రాయాలు స్వీకరించబడును. నక్షత్రాలు ఎన్నయినా ఇవ్వవచ్చు. ఒకటే మనవి. రాసే ముందు, చదువుతున్నంతసేపూ మీరు చూడకుండానే అందుకుని తాగుతున్న ఆ గ్లాసు ఉందే, అది మీ పక్కకు ఎలా వచ్చిందో కాస్త కనుక్కోండి.