స్నానాల గది వాలు సంగ్రామము

ప్రభాతభానుకిరణములు కిటికీ ఊచల నడుమ దూరి, సిమెంటుధూళిధూసరితమైన సోఫాపై సోలుచున్న శుభవేళ, ఒకానొక వీధిలో, ఒకానొక ఇంట, పూర్తయీ పూర్తికాని స్నానాల గది ద్వారమున ఒక వీరుడు నిలిచియుండెను. అతడు పోస్టాఫీసు గుమాస్తా. నిరంతరముద్రాప్రహారకఠినదక్షిణహస్తుడు. అయినను ఇంటికి వచ్చినవారితో గట్టిగా ఒక్క మాటయు ఆడి యెరుగనివాడు.

సంగ్రామమునకు మూలము అతని తల్లి. పాత గది పగులగొట్టిన నాటినుండి ఆ వృద్ధమాత భుజమున తువ్వాలు, చేత సబ్బుపెట్టె ధరించి పక్కింటికి స్నానయాత్ర సాగించుచుండెను. పక్కింటివారు మంచివారే. కాని, "గది ఖాళీగా ఉందా అమ్మా?" అని దినదినము అడుగుట ఆమెకు తలకొట్టివేసినట్లుండెను. ఆమె పైకి చెప్పకున్నను కొడుకునకు తెలియుచునే యుండెను, తెలిసి మనసు చివుక్కుమనుచునే యుండెను.

ఆమె స్టూలుపై కూర్చుండి పోసికొనుటకు వీలగునని కుళాయిని గుమ్మము దగ్గరి మూలకు మార్పించిరి. కుళాయి వచ్చెను. నీళ్ళు పోవు జాలీ మాత్రము పాత మూలనే నిలిచిపోయెను, నేల వాలు తిన్నగా గుమ్మమువైపు కుదిరెను.

దానిని సరిచేయుటకు అదనపు సొమ్ము కావలెనని కబురంపిన కాంట్రాక్టరు సామాన్యుడా? తలుపునకు గొళ్ళెము అదనము, గొళ్ళేనికి స్క్రూలు అదనమని పలికిన అక్షయవ్యయతూణీరధరుడు. అతని రాకకు ముందే మన వీరుడు కొత్త అద్దము నెదుట నిలిచి, "ఓరీ అధికవ్యయశరవర్షధారాధరా! నీ మాయాగణితము నాకడ చెల్లదు. వాలు సరిచేసినగాని నీవీ గడప దాటజాలవు" అని గర్జించెను. అంతలో కాంట్రాక్టరు మిలమిలలాడు కొత్త బూట్లు వీధిగుమ్మమున విడిచి లోనికి రాగా, వీరుని నోట, "రండి, కూర్చోండి. టీ తాగుతారా?" అను మాట వెలువడెను.

"స్లోపు వేరే పని సార్," అనెను కాంట్రాక్టరు, టీ ఊదుకొనుచు. "టైల్స్ పీకాలి, మళ్ళీ వెయ్యాలి. కుళాయి మార్చమన్నది మీరే కదా."

"కుళాయి మార్చమన్నామండీ. నీళ్ళని హాల్లోకి పంపమన్లేదు."

"ఎక్కడ సార్ హాల్లోకి? ఈ నీళ్ళు గుమ్మం దాటవు. దాటాయంటే నా సొంత ఖర్చుతో చేయిస్తాను, పైసా అడగను."

ఆ శపథము విని, అంతవరకు తువ్వాలుతో కుర్చీలో కూర్చున్న తల్లి లేచెను. "ఉండు బాబూ, కాళ్ళు కడుక్కుంటాను," అని లోనికేగి, నిండు బకెట్టును ఎత్తి, వంచెను.

అప్పుడు కదలెను జలసేన. టైల్స్ పై తళతళలాడుచు, జాలీవైపు కన్నెత్తియైన చూడక, గుమ్మము దాటి యురికి, హాలు నాక్రమించి, సోఫా క్రింది ధూళిదుర్గములను కూల్చి, కాంట్రాక్టరు తటాలున పైకెత్తిన పాదముల క్రిందుగా సాగి, వీధిగుమ్మమున కొలువుతీరిన బూట్లలో సుఖముగా ప్రవేశించెను.

కాంట్రాక్టరు బూట్లవంక చూచెను. పెద్దావిడవంక చూచెను. కొంతతడవు నీళ్ళు నమిలి, "రేపు మనుషుల్ని పంపిస్తానమ్మా," అనెను.

గెలిచిన వీరుడు తన సింహనాదమును వెదకికొనెను, దొరకలేదు. "తడి కాళ్ళతో ఎలా వెళ్తారండీ, నా చెప్పులు వేసుకెళ్ళండి," అని మాత్రము పలికెను. కాంట్రాక్టరు బూట్లను అచటనే వదలి, ఆ చెప్పులతో వెడలెను.

అన్నమాట ప్రకారము మనుషులు వచ్చిరి. టైల్స్ లేచెను, వాలు మరలెను, సిమెంటు ఆరెను. పిదప ఒక ఉదయమున తల్లి తన గదిలో, తన స్టూలుపై, ఎవరినీ అడుగనక్కరలేక, తనివితీర స్నానమాడెను. కొడుకు తలుపుబయట నిలిచి, జాలీలోనికి గుళగుళమని దిగుచున్న నీటిచప్పుడు వినెను. కండ్లు చెమ్మగిల్లెను.

"ఒరేయ్, గుమ్మం తడిసిందా?" అని లోపలినుండి తల్లి అడిగెను.

"లేదమ్మా. ఇంకో బకెట్టు పోసుకో."

ఆ సమయముననే కాంట్రాక్టరు ఆ చెప్పులతోనే వచ్చి, "నా బూట్లు ఎండబెట్టారా సార్?" అని యడిగెను.

వీరుడు గొంతు సవరించుకొనెను. అద్దము నెదుట గర్జించి, అతిథి యెదుట మింగినదంతయు ఆ కంఠమున పోగుపడెను.

"ఎండబెట్టడం వేరే పని అండీ," అనెను.

కాంట్రాక్టరు నోరు తెరిచి, మూసి, పగలబడి నవ్వెను. ఆరీ ఆరని బూట్లు చంకనబెట్టుకొని, చెప్పులు అచటనే విడిచి, వట్టికాళ్ళతో వెడలెను. దిక్కులారా, ఆలకింపుడు: ఆ ఇంట గుమ్మము పొడిగా నున్నది.