విధులకు గైర్హాజరైన ఓజోన్

మంచు తీరంలోని పరిశోధన కేంద్రంలో, నేలకు దగ్గరగా ఉండే ఓజోన్ ఏటా వసంతంలో చెప్పాపెట్టకుండా మాయమవుతున్నదనీ, ఇది సంస్థ క్రమశిక్షణకు విరుద్ధమనీ పై కార్యాలయం గుర్తించింది. అంతకుముందు దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఓజోన్ కొలిచే యంత్రం సున్నా చూపితే, అది చెడిపోయినట్టు లెక్క. ఆ ఖాళీలో కిందటి నెల సగటు నింపి పంపడం అక్కడి ఆనవాయితీ. గాలి పరువూ నిలిచేది, సంస్థ పరువూ నిలిచేది.

కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త మాత్రం సున్నాను సున్నాగానే పంపింది. ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడికి వెళ్లే కూతురినీ, వంట అప్పుడప్పుడే నేర్చుకుంటున్న భర్తనూ వదిలి ఆ చలిలోకి వచ్చింది అది ఖాయం చేసుకోవడానికే.

డైరెక్టరుగారు విచారణ సంఘాన్ని వెంటబెట్టుకుని స్వయంగా విచ్చేశారు. కొత్త యంత్రం పెట్టించారు. అదీ సున్నాయే చూపింది. ఇంకొకటి తెప్పించారు. అదీ అంతే. యంత్రాలన్నీ కూడబలుక్కున్నాయని సంఘం అనుమానించింది.

"అసలు దాన్ని ఎవరు తినేస్తున్నారమ్మా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"బ్రోమిన్ అండీ. సముద్రపు ఉప్పు మంచుమీద చేరుతుంది. చలికాలపు చీకటి పోయి ఎండ తగిలిందా, అందులోంచి బ్రోమిన్ లేస్తుంది. ఓజోన్‌ను విరగ్గొట్టి, తను చెక్కుచెదరకుండా ఇంకోదాని మీద పడుతుంది. ఒకరింట్లో తగువు పెట్టి, కాఫీ తాగి, పక్కింటికి బయల్దేరే మా మేనత్తలాగా."

డైరెక్టరుగారికి మేనత్త వెంటనే అర్థమైంది. బ్రోమిన్ ఏ శాఖ కిందికి వస్తుందో మాత్రం అంతుబట్టలేదు. సముద్ర శాఖకు రాశారు. ఉప్పు తమదేననీ, ఎండతో తమకు సంబంధం లేదనీ జవాబు వచ్చింది.

భోజనాల గదిలో సభ పెట్టారు. "ఓజోన్ మన గొడుగు! గొడుగు పోయిందని మనమే చాటుకుంటే ప్రజలు ఏమైపోతారు?" అని డైరెక్టరుగారు గద్గదంగా ప్రశ్నించారు.

"గొడుగు ఎక్కడో పైన ఉందండీ. ఇది నేలమీది సంగతి."

"పైదైనా కిందదైనా పరువు ఒకటేనమ్మా. సగటు నింపెయ్. ఉద్యోగం ఖాయం చేసేస్తాను."

ఆవిడ ఇంటికి ఫోను చేసింది. "నింపెయ్యవే! కూర మాడితే నేను పైపైది తీసి వడ్డించడం లేదూ?" అన్నాడు భర్త.

ఆవిడ నింపలేదు.

సంఘం తీర్పు చెప్పింది: యంత్రాలు మార్చినా సున్నా మారలేదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది శాస్త్రవేత్త ఒక్కతే. కనుక లోపం ఆవిడలోనే ఉంది. ఇందులో వంక పెట్టడానికి ఏముందో మీరే చెప్పండి. ఆవిడను సగౌరవంగా ఇంటికి పంపారు. ఆ స్థానంలోకి వచ్చినాయన మర్యాదస్తుడు. మరుసటి వసంతమంతా ఓజోన్ క్రమం తప్పకుండా హాజరైంది. కేంద్రానికి బహుమతి వచ్చింది. దాని కొలతలు బడి పుస్తకాల్లోకి ఎక్కాయి.

ఒక సాయంత్రం కూతురి పుస్తకంలో ఆ కొలతలతో గీసిన గీత ఆవిడ కంటపడింది. ఏడాది పొడుగునా ఇస్త్రీ చేసినట్టు తిన్నగా ఉంది. ఆవిడ పెన్సిలు తీసుకుని, వసంతం దగ్గర గీతను అడుగుదాకా దించింది. ఎండ సంగతీ, ఉప్పు సంగతీ అంతా విడమరిచి చెప్పింది. కూతురు శ్రద్ధగా విన్నది. మధ్యలో మంచి ప్రశ్నలు కూడా వేసింది. ఆ తరువాత రబ్బరు తీసుకుని, కాగితం చిరగకుండా జాగ్రత్తగా తుడిచేసింది.

"నమ్ముతానులే అమ్మా, పరీక్షలయ్యాక."