నీలి మేఘాల కత్తికి అక్షరాలు

ఆ రోజు పొద్దున్న హేమశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న చంద్రరావుగారికి కంప్యూటర్ క్లాసని చెప్పి నిడదవోలు స్టేషను రోడ్డులోని భీమరాజు ఫ్లెక్సీ షాపుకి వెళ్ళాలి. తన కథ పేరు అందంగా వేయించుకోవాలి. సాయంత్రం ఆరులోపు నెట్ సెంటర్ నుంచి పంపేయాలి. అంతే.

టీవీలో వచ్చే జపాన్ బొమ్మల సీరియలంటే ఆ పిల్లకి ప్రాణం. అందులోని కత్తివీరుణ్ణి గోదావరికి రప్పించి, కొవ్వూరు వంతెన మీద యుద్ధం పెట్టి, 'నీలి మేఘాల కత్తి' అని సొంతంగా కథ అల్లింది. ఇంటర్నెట్లో ఇలాంటి పిచ్చివాళ్ళకి ఒక గ్రూపుంది. ఎవరు పంపిన టైటిల్ లోగో బాగుంటే వాళ్ళ కథే వేస్తారు. డిగ్రీ పరీక్షల ముందు ఈ బొమ్మల గోలేంటని చంద్రరావుగారు అప్పటికే ఒకసారి కేబుల్ వైరు పీకేశారు కాబట్టి, సంగతి ఇంట్లో తెలిస్తే కథ కంచికే.

భీమరాజు షాపులో అక్షరాలకి పేర్లుండవు, సందర్భాలుంటాయి.

"ఇది పెళ్ళికండి. ఇది గృహప్రవేశానికండి. ఇది ఎలక్షన్లకండి."

"అన్నీ జిలేబీల్లా ఉన్నాయండి. నాకు కత్తితో గీసినట్టుండాలి." హేమశ్రీ చూపు గోడ మూలనున్న నమూనా మీద పడింది. "అదిగో! అదే కావాలి."

భీమరాజు మౌసు వదిలేశాడు. "అదా? అది బతికున్నోళ్ళకి వాడమండి అమ్మాయిగారూ. పెద్దకర్మలకేనండి."

"నా కథలో బోల్డుమంది చస్తారు లెండి. నల్ల రంగు మీద తెల్లగా వేసేయండి. కింద నా పేరు, పక్కన గుండ్రంగా ఈ కత్తివీరుడి బొమ్మ. నేను నెట్ సెంటర్లో సిస్టం ఖాళీ ఉందేమో చూసొస్తా."

ఆమె వెళ్ళాక భీమరాజు ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముళ్ళకంపలాంటి జుట్టు, ముఖంలో సగం కళ్ళే. ఇలాంటి ముఖం వేస్తే షాపు పరువేం కావాలి? హాల్ టికెట్ కోసం ఆ అమ్మాయి ఇక్కడే దిగిన ఫోటో కంప్యూటర్లో ఉండనే ఉంది. దాన్ని గుండ్రంలో పెట్టాడు. తెర మీద రంగు నమ్మడానికి లేదని మిగులు ఫ్లెక్సీ ముక్క మీద ఒకటి అచ్చు తీసి, షాపు ముందు తీగకి ఆరేశాడు.

దాని మీద ఏం రాసుందో ఒక్కరూ చదవలేదు. నల్ల రంగు, ఆ అక్షరాలు, గుండ్రంలో ఫోటో. ఇంకా చదవడానికేముంది?

నెట్ సెంటర్లో కరెంటు పోయింది. చెమటలు కక్కుతూ చాలాసేపు కూర్చుని హేమశ్రీ బయటికొచ్చేసరికి ఎదురుగా సోడా బండి ఆయన ఆమెని చూసి, చేతిలో సోడా వదిలేసి, బండి వెనక్కి నక్కాడు. ఇంతలో షామియానా గుంజలూ కుర్చీలూ వేసుకుని రిక్షా ఒకటి వెళ్తోంది.

"ఎవరింటికండీ?"

"చంద్రరావుగారింటికండి. ఉన్నట్టుండి ప్రాణం పోయిందంటండి, పాపం."

పోయింది నాన్నే అనుకుంది హేమశ్రీ. నాన్న! పొద్దున్న ఆయనతో తను అన్న ఆఖరి మాట అబద్ధం. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఒంటి చెప్పుతో, ఏడుస్తూ, వీధులన్నీ పరిగెత్తింది.

ఇంటి ముందు టెంట్‌హౌస్ పల్లంరాజు గుంజలు పాతిస్తున్నాడు. లోపల అమ్మ రామతులసి ఏడుపు. అరుగు మీద చంద్రరావుగారు స్తంభానికి ఆనుకుని, శూన్యంలోకి చూస్తూ కూర్చుని ఉన్నారు.

"నాన్నా!"

"అమ్మలూ!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, నువ్వు బతికే ఉన్నావా అంటే నువ్వు బతికే ఉన్నావా అని ఘొల్లుమన్నారు. పల్లంరాజు గునపం పక్కన పెట్టాడు.

"మరి పోయిందెవరండీ?"

"నువ్వే కదయ్యా వచ్చి చెప్పావు!" అన్నారు చంద్రరావుగారు.

"ఫ్లెక్సీ కట్టేశారు కదండీ! ఫ్లెక్సీ పడ్డాక ఇంకా అనుమానమేంటండీ?"

పరామర్శకొచ్చిన జనమంతా భీమరాజు షాపు మీద పడ్డారు. "నేను ముందే చెప్పానండి, వినలేదండి," అని అతను చేతులు జోడించాడు. అప్పుడు మొదటిసారిగా ఒక మనిషి ఆ ఫ్లెక్సీని చదివారు. ఆయన చంద్రరావుగారు.

"నీలి మేఘాల కత్తి. రచన, హేమశ్రీ." ఆయన కూతురి వైపు తిరిగారు. "క్లాసన్నావు?"

హేమశ్రీ తల దించుకుని అంతా చెప్పేసింది, గ్రూపూ, పోటీ, వంతెన మీద యుద్ధంతో సహా. చెంప పగులుతుందనుకుంది.

"రాసుకో," అన్నారాయన. "కేబుల్ కూడా పెట్టిస్తాను. ఈ అక్షరాల్లో మాత్రం నీ పేరు చూడలేనమ్మా."

ఆ అక్షరాల కోసమే ఆమె ఇంత చేసింది. కానీ ఇంటిదాకా పరిగెత్తినంతసేపూ వాటిలో ఆమెకి కనిపించింది నాన్న పేరే.

"మార్చేయండి భీమరాజుగారూ."

బదులుగా ఏ అక్షరాలు వేయాలో వచ్చినవాళ్ళే తేల్చారు. పల్లంరాజు ఒకటన్నాడు, రామతులసి కళ్ళు తుడుచుకుని ఇంకొకటంది, చివరికి శుభమా అని అందరూ ఒకే మాట మీదికొచ్చారు. కరెంటు కూడా దయతలిచి వచ్చింది. ఆరు కొట్టేలోపు, చంద్రరావుగారు పక్కన నిలబడి చూస్తుండగా, లోగో వెళ్ళిపోయింది.

మర్నాడు గ్రూపు నుంచి జవాబొచ్చింది: "లోగో చాలా బాగుందండి. పెళ్ళెప్పుడు?"