ఎనిమిది వేల ఫ్లైట్ రికార్డర్

మర్నాడు గ్లైడర్‌లో యాభై కిలోమీటర్లు ఎగిరి వెండి పతకం కొట్టెయ్యాలని రఘువీర్ శనివారం పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పద్దెనిమిదో అంతస్తులో ఫ్లాటు, ఇంజను లేని విమానాల మీద పిచ్చి, ఇవీ అతని ఆస్తులు. ఇంత దూరం ఎగిరానని నోటితో చెబితే పతకం ఇవ్వరు. దారంతా నమోదు చేసి, తర్వాత ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా దాచే ఫ్లైట్ రికార్డర్ కావాలి. అరచేతిలో పట్టే ఆ పెట్టె లక్షా పదివేలు. మనిషి మాటకు విలువ లేనిచోట పెట్టెకు ఆమాత్రం ధర ఉండదా!

పార్సెల్ విప్పుతుండగా భార్య వైశాలి వచ్చింది.

"ఎంతయిందండీ?"

"ఎనిమిది వేలు," అన్నాడు రఘువీర్. ఖరీదైన సరదాలున్న మగవాళ్లు ఇంట్లో ధర తగ్గించి చెప్పడం మామూలే. ఇతను మరీ మొహమాటం లేకుండా తగ్గించాడు.

కూరలకని కిందికి వెళ్లిన వైశాలి, లిఫ్టులో కనబడ్డ సదాశివరావుకు ఈ చవకబేరం చెప్పింది. ఆయన గ్లైడర్ల క్లబ్బుకు కోశాధికారి. ఆమె వెనకాలే వచ్చేశాడు.

"ఎనిమిది వేలకా! క్లబ్బుకు లక్ష పైనే చెప్పారయ్యా. మాకూ ఒకటి తెప్పించు."

వైశాలి పక్కనే నిలబడి ఉంది. నిజం చెబితే ఇంట్లో పరువు పోతుంది, చెప్పకపోతే లక్ష పోతుంది.

"స్టాకు లేదంకుల్. ఇదే ఆఖరిది."

"అచ్ఛా! అయితే ఇదే ఇచ్చెయ్. క్లబ్బుదైతే అందరం వాడుకోవచ్చు."

"ఇచ్చెయ్యండి, ఎనిమిది వేలేగా," అంది వైశాలి.

సదాశివరావు నోట్లు లెక్కపెట్టి ఆమె చేతికిచ్చి, పెట్టె పట్టుకుపోయాడు. రేపు ఎగిరేటప్పుడు అడిగి తీసుకోవచ్చులే అని రఘువీర్ గుండె చిక్కబట్టుకున్నాడు.

ఆదివారం రన్‌వే దగ్గర అడిగితే, "రూలంటే రూలే. సీనియర్లకే ముందు," అన్నాడు సదాశివరావు. ఆ సీనియర్ ఆయన అల్లుడు ఉదయ్‌కిరణ్. రఘువీర్ ఉత్త చేతులతో ఎగిరాడు. గ్లైడర్‌ను పైకి లేపేది నేల మీంచి లేచే వేడిగాలే; అన్నాళ్లూ మొహం చాటేసిన ఆ గాలి ఆ రోజే అతన్ని ఎత్తుకుంది. అరవై రెండు కిలోమీటర్లు! ఉదయ్‌కిరణ్ యాభై ఒకటి ఎగిరి, పెట్టె సాక్షిగా పతకం ఖాయం చేసుకుని, లడ్డూలు పంచాడు. రఘువీర్ కూడా ఒకటి తిన్నాడు. ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే బయటపడిపోయాడు. "వైశాలీ, అది ఎనిమిది వేలు కాదు. లక్షా పదివేలు."

"తెలుసు. కార్డు మెసేజీలు నా ఫోనుకే వస్తాయి."

"తెలిసే ఇప్పించేశావా?"

"ఆయన ముందైనా నిజం చెబుతారేమోనని చూశాను. లక్ష పారేసుకున్నారు గానీ చెప్పలేదు. చలికాలమంతా ఈ పొగకి పాప దగ్గుతుంటే ఎయిర్ ప్యూరిఫైయర్‌కి డబ్బుల్లేవన్నారే, అప్పుడూ అబద్ధమేగా?"

పాప గదిలో కొత్త మిషను రొద వినిపిస్తోంది. సదాశివరావు ఇచ్చిన నోట్లు అక్కడ తేలాయి.

రఘువీర్ తను ఇవాళ అరవై రెండు కిలోమీటర్లు ఎగిరానని చెప్పాడు.

వైశాలి నమ్మలేదు.