నేరేడుచర్ల రోడ్డు మీద సిగ్నల్ పరీక్ష

"ఉపగ్రహాల కన్నుగప్పి ఈ జిల్లాలో ఇగ ఒక్క బియ్యపు గింజ గూడ కదలదు!" అని పౌరసరఫరాల ఆఫీసరు కృపాకర్ సారు సూర్యాపేటలో మైకు ముందర ప్రకటించాడు. రేషన్ బియ్యం మోసే లారీలన్నిటికీ జీపీఎస్ డబ్బాలు బిగించారు. అంత దూరపు చూపున్న ఆఫీసరు మనకు దొరకడం మన అదృష్టం.

వారం తిరగకముందే లారీ నడుపుకునే బీక్యా దొరికాడు. మిర్యాలగూడ మిల్లు నుంచి కోదాడ గోదాముకు పోతున్న అతని లారీ, నేరేడుచర్ల దాటినంక అంజన్న మిల్లు ముందర, సారు ఆఫీసు స్క్రీన్ మీంచి మాయమైంది. గోదాములో బస్తాలన్నీ సక్కగనే దిగాయి. అయినా లారీ తాళంచెవి సారు టేబుల్ సొరుగులోకి పోయింది. అది బయటికొస్తేనే బీక్యా ఇంట్లో పొయ్యి వెలిగేది.

"గాడ అన్ని లారీలు మాయమైతయ్ సారూ!"

"మిగతావన్నీ అంజన్నవే గదా. అవి మాయమైనా మాకు నమ్మకం ఉంటది."

అయినా న్యాయం తెలిసిన మనిషి. సిగ్నల్ కొలిచే మీటరు తెప్పించాడు. అంజన్న మిల్లు ముందర దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎండ తగలకుండా రేకుల షెడ్డు కింద కూసోబెట్టారు. ఉపగ్రహాలు సున్నా.

"సున్నా సిగ్నల్ అంటే, అడ్డంకులు గూడ సున్నానే," అని సారు మెచ్చుకున్నాడు.

"దానికి ఆకాశం కనబడాలె సారూ," అని బీక్యా కాళ్లావేళ్లా పడి బయట పెట్టించాడు. పద్దెనిమిది ఉపగ్రహాలు వరుస కట్టాయి.

అంతలో సారుకు శాలువా కప్పడానికి అంజన్న తెల్ల బండి వచ్చి ఆగింది. మీటర్లో సున్నా. బండి దూరం జరిగితే పద్దెనిమిది. దగ్గరికొస్తే మళ్లీ సున్నా.

"సూడుండ్రి సారూ! డ్యాష్‌బోర్డు మీద ఆ తోకల నల్ల డబ్బా! అదే సిగ్నల్‌ను మింగుతున్నది!"

"అది సెంటు డబ్బార భై," అన్నాడు అంజన్న.

సారు వంగి, కళ్లు మూసుకొని, డబ్బాను గట్టిగా వాసన చూశాడు. "ఆహా! మల్లె."

"జాజి సారూ."

దర్యాప్తు ముగిసింది.

మర్నాడు తీర్పు వచ్చింది. జీపీఎస్ డబ్బాలు భేష్. రోడ్డు భేష్. తప్పంతా, పెద్దమనిషి వచ్చే టైముకు చెప్పాపెట్టకుండా డ్యూటీ దిగిపోయిన ఉపగ్రహాలది. పద్దెనిమిదింటికీ షోకాజ్ నోటీసులు. బీక్యా నిర్దోషి!

బీక్యా దండం పెట్టి చెయ్యి చాపాడు. "తాళం సారూ..."

సారు ఆ చేతిలో నోటీసుల కట్ట పెట్టాడు.

"కేసు నీదే గదా. ఇవి వాటికిచ్చి, ముట్టినట్టు సంతకాలు పట్టుకరా. తాళం యాడికి పోతది?"