గడియకు మూడు కొటేషన్లు

ఆఫీసులకు దక్కిన వరాల్లో మూడు కొటేషన్ల నిబంధనను మించింది లేదు! నవ్వకండి. ఒక ధర విని వస్తువు కొనేవాడు మామూలు మనిషి. మూడు ధరలు విని ఏదీ కొననివాడు ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్. ఇద్దరిలో ఎవరికి డబ్బు మిగులుతుంది?

మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, తొమ్మిదో అంతస్తు. అక్కడ ఆడవాళ్లకున్నది ఒక్కటే బాత్రూమ్. దాని తలుపు గడియ ఊడి ఇరవై మూడు రోజులైంది.

రెండో రోజునే బోరబండ నుంచి వడ్రంగి మొగిలి వచ్చి చూశాడు. మూడు వందల యాభై, పది నిమిషాల పని అన్నాడు. మా మేనేజర్ చలపతిరావు తొందరపడే మనిషి కాదు. ఇంకో రెండు కొటేషన్లు తెమ్మన్నారు.

మొగిలి తన వీధిలోని మరో ఇద్దరు వడ్రంగుల దగ్గర రాయించుకొచ్చాడు. మూడు కాగితాల్లోనూ మూడు వందల యాభై!

"ఇలా అయితే పోల్చేదెలాగండీ? కుమ్మక్కయ్యారంటారు ఆడిట్ వాళ్లు."

"గడియ ఒక్కటే గద సార్. రేటు మూడు తీర్లెట్లుంటది?"

చూశారా అజ్ఞానం! నిబంధన లేకపోతే ఇతనికి చదువు చెప్పేదెవరు? వారం తిరిగేసరికి నేర్చుకున్నాడు. మూడు వందల యాభై, తొమ్మిది వందలు, పద్నాలుగు వందలు.

"ఇప్పుడు బాగుందండీ," అని చలపతిరావు కాగితాలకు పిన్ను కొట్టారు. "ఇంత తేడా ఎందుకొచ్చిందో ముగ్గురూ వివరణ రాసిస్తే ఫైలు పైకి పంపుతాను."

ఈలోగా మా టీములోని ఉమాశ్రీ బాత్రూమ్‌కు వెళితే పక్క సీటు కృష్ణప్రియ బయట తలుపు పట్టుకుని నిలబడుతోంది. కృష్ణప్రియ వెళితే ఉమాశ్రీ. టీమ్ స్పిరిట్ కోసం హెచ్.ఆర్. వాళ్లు అందరినీ రెండుసార్లు రిసార్టుకు తీసుకెళ్లారు. వచ్చిందా? గడియ ఊడాక వచ్చింది! క్లయింట్ కాల్ మధ్యలో "జర రావే" అంటే లేచి వచ్చే స్నేహితురాలు ఏ రిసార్టులో దొరుకుతుంది?

మొన్న గురువారం కృష్ణప్రియ సెలవు పెట్టింది. ఉమాశ్రీ ఆ రోజంతా నీళ్లు తాగలేదు. ఆఫీసుకు నీళ్లు కూడా ఆదా!

సోమవారం ఉదయం పదింటికి మగవాళ్ల బాత్రూమ్ గడియ ఊడింది. ఆ సమయంలో లోపలున్నది చలపతిరావు.

పదకొండున్నరకల్లా మొగిలి వచ్చి కొత్త గడియ బిగించాడు. అతని సంచిలో ఇంకో గడియ ఉంది.

"సార్, ఎట్లాగూ వచ్చిన. ఆడోళ్లది గూడ ఏసి పోవాల్నా?"

ఉమాశ్రీ సీట్లోంచి లేచి నిలబడింది.

"దానికి ఫైలు నడుస్తోందండీ," అన్నారు చలపతిరావు. "ఇదంటే అర్జంటు."