యూనియన్ పెట్టని కూలీలు

1891 వేసవిలో, అపలాచియన్ కొండల్లోని లారెల్ గ్యాప్ బొగ్గుగని ముందు మేకుల పీపా ఎక్కి, జైళ్ల ఇన్‌స్పెక్టరు కర్నల్ థడియస్ ప్రూయిట్ గారు కార్మిక సమస్యను శాశ్వతంగా పరిష్కరించేశారు.

"రేపటి నుంచి బొగ్గు తవ్వేది ఖైదీలు! ఖైదీ జీతం అడగడు, సెలవు అడగడు. ముఖ్యంగా, యూనియన్ పెట్టడు!"

చప్పట్లు కొట్టింది ఆయన గుమాస్తా ఒక్కడే. అయినా కర్నల్ గారి ఛాతీ ఉప్పొంగింది. ఈ పని గట్టెక్కితే కమిషనర్ని చేస్తానని గవర్నరు మాటిచ్చారు మరి.

నిజానికి ఆ ఊరి యూనియన్లో ఉన్నది పదకొండు మంది. కార్యదర్శి ఇవాన్ ప్రాబర్ట్ ఆరేళ్లుగా ఇంటింటికీ తిరుగుతున్నాడు. వేల్సువాడి పక్కన ఐరిష్‌వాడు కూర్చోడు. నల్లవాళ్లను తెల్లవాళ్లు గదిలోకే రానివ్వరు. ప్రసంగం జరిగిన సాయంత్రానికి సభ్యులు మూడువందల నలభై అయ్యారు. బల్లలు చాలక అందరూ కలిసి నేలమీదే కూర్చున్నారు.

"ఏమయ్యా ప్రాబర్ట్, ఏం మంత్రం వేశావ్?" అన్నారు కర్నల్ గారు.

"నేనెక్కడండీ! ఆరేళ్లు గొంతు చించుకున్నా కానిది తమరు ఒక్క పూటలో చేసిపెట్టారు."

ఖైదీలు గనిలోకి దిగారు. తొట్టిలో బొగ్గెంతో రాయెంతో చూసేందుకు కూలీలు ఎన్నుకున్న తూకం మనిషి ఉండేవాడు. యూనియనే లేని చోట వాడెందుకని కర్నల్ గారు తీసేశారు. వారంలో ఉత్పత్తి రెట్టింపయింది. రైలింజన్లో వేస్తే మాత్రం మండలేదు.

"చూశారా, ఎంత మన్నికో!" అన్నారు కర్నల్ గారు.

మర్నాడు మూడువందల నలభై మందీ జైలు కంచె దగ్గరికి వచ్చి, టోపీలు తీసి, తాళాలు అడిగారు. కాపలావాళ్లు ఇచ్చేశారు. కూలీలు తమ ఆదివారం కోట్లు ఖైదీలకు తొడిగి, మొక్కజొన్న రొట్టెలు కట్టిచ్చి, కొండదారి పట్టించారు.

"తాళాలెందుకిచ్చార్రా?" అని కర్నల్ గారు గావుకేక పెట్టారు.

"మొన్ననే మేమూ మెంబర్లమయ్యాం సార్."

కర్నల్ గారు చలించలేదు. గవర్నరుకు నలభై పేజీల నివేదిక రాశారు. పథకం దివ్యంగా ఉంది, లోపమంతా జీతం తీసుకునే ఉద్యోగుల్లోనే ఉంది, ఖైదీని మించిన ఉద్యోగి భూమ్మీద లేడు అని తేల్చారు.

జవాబు ముత్యాల్లాంటి దస్తూరీలో వచ్చింది.

"మీ వాదన అక్షరాలా నిజం. సంతకాల ఫోర్జరీకి పదేళ్ల శిక్ష పడిన ఖైదీ ఒకడు ఇకపై మీ ఉద్యోగం చేస్తాడు. ఈ ఉత్తరం రాసిందీ అతనే. తమరు విశ్రాంతి తీసుకోవచ్చు." కింద గవర్నరు సంతకం చక్కగా కుదిరింది.

శనివారం యూనియన్ గది తలుపు ఎవరో మెల్లగా తట్టారు.

"ప్రాబర్ట్ గారూ," అన్నారు కర్నల్ గారు టోపీ చేతబట్టుకుని, "ఇన్‌స్పెక్టర్లను కూడా చేర్చుకుంటారాండీ?"